లద్దాఖ్ వెళితే ఏం తినాలి? పేలపిండిని గుర్తుచేసే న్గంఫే, సంగటి లాంటి పాబా, ఉప్పు వేసిన టీ.. ఈ వంటలు ఎలా పుట్టాయి? ఇప్పుడు ఎందుకు తగ్గిపోతున్నాయి?

లేహ్‌లో ఏ హోటల్‌కు వెళ్లినా మెనూలో మోమోలు, థుక్పా, పనీర్ కూరలు కనిపిస్తాయి. మోమోలు, థుక్పా హిమాలయ ప్రాంతమంతటా దొరికేవే. పనీర్ కూరలు పర్యాటకుల కోసం వచ్చినవి. లద్దాఖీ కుటుంబాలు తరతరాలుగా తింటున్న ఖోలక్, పాబా, స్క్యూ, చుతాగి మాత్రం చాలా మెనూల్లో ఉండవు. వాటి కోసం అడిగి వెతుక్కోవాల్సిందే.

ఈ వంటల్లో మసాలాలు తక్కువ, నూనె తక్కువ, దినుసులూ తక్కువే. దానికి కారణం అక్కడి నేల, చలి, వంటచెరకు కొరత. ఆ మూడింటినీ అర్థం చేసుకుంటే ప్రతి వంటకం వెనక ఉన్న లెక్క తెలుస్తుంది.

ఎత్తు, చలి, కరవు

లేహ్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదికి కురిసే వాన దాదాపు 100 మిల్లీమీటర్లు మాత్రమే. మంచు, హిమానీనదాలు కరిగి వచ్చే నీటిని కాలువలతో మళ్లించుకుని ఏడాదిలో కొన్ని నెలలే సాగు చేస్తారు. ఎత్తైన ఊళ్లలో ఒక్క పంటే పండుతుంది. శీతాకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పడిపోవడం మామూలే.

ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాదు, దాదాపు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే బియ్యం, పప్పులు ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. చెట్లు అరుదు కాబట్టి కట్టెలూ అరుదే. సంప్రదాయంగా పొయ్యిలోకి వాడేది ఎండిన పశువుల పేడ. అంటే తక్కువ మంటతో అయిపోయేలా, ఆరు నెలలు నిల్వ ఉండేలా, ఒంట్లో వేడి పుట్టించేలా తిండి ఉండాలి. లద్దాఖ్ వంటిల్లు ఈ మూడు అవసరాల చుట్టూనే రూపుదిద్దుకుంది.

న్గంఫే, ఖోలక్: ఒకసారి వేయిస్తే నెలల తరబడి తిండి

లద్దాఖ్ ప్రధాన పంట బార్లీ. లద్దాఖీలో దాన్ని 'నస్' అంటారు. పొట్టు తేలిగ్గా ఊడిపోయే రకాలను అక్కడ ఎక్కువగా పండిస్తారు. గింజలను కడిగి, ఆరబెట్టి, కాలిన ఇసుకలో వేయించి, 'రంతక్' అనే నీటి మరలో పిండి పట్టిస్తారు. ఈ పిండే న్గంఫే. టిబెట్‌లో దీన్నే త్సంపా అంటారు.

తొలి ఏకాదశికి పేలపిండి చేసుకునే తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తెలుగిళ్లలో అది పండగ ప్రసాదం. లద్దాఖ్‌లో రోజువారీ తిండి. గింజ ముందే వేగింది కాబట్టి మళ్లీ ఉడికించాల్సిన పని లేదు. వేడి టీలో న్గంఫే కలిపి వేళ్లతో ముద్ద చేస్తే ఖోలక్ సిద్ధం. ఇష్టమైతే కాస్త వెన్న, చక్కెర కలుపుతారు. పొలానికి వెళ్లేవారు, కొండల్లో పశువులు కాసేవారు చిన్న సంచిలో పిండి తీసుకెళితే చాలు, పూట గడుస్తుంది.

పాబా, తంగ్‌తుర్: ముద్ద, మజ్జిగ

మరిగే నీళ్లలో వేయించిన బార్లీ, బఠానీల పిండి పోసి, కర్రతో గట్టిగా తిప్పి, ముద్ద కట్టేదాకా ఉడికిస్తే అది పాబా. చూడటానికి, చేయడానికి రాగి సంగటికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. బఠానీ పిండి వల్ల మాంసకృత్తులు కూడా అందుతాయి.

సంగటికి పులుసు ఉన్నట్టు పాబాకు తంగ్‌తుర్ ఉంటుంది. పెరుగులోనో మజ్జిగలోనో ఉడికించిన అడవి ఆకుకూరలు కలిపి చేస్తారు. ముద్ద మధ్యలో గుంట చేసి తంగ్‌తుర్ లేదా కరిగిన వెన్న పోసుకుని, చుట్టూ తుంచుకుంటూ తింటారు. పొలం పనుల రోజుల్లో కడుపు నిండా ఉంచే తిండి ఇది. హోటళ్లలో అరుదుగా దొరికేదీ ఇదే.

స్క్యూ, చుతాగి: చలికాలపు గిన్నె

స్క్యూ కోసం గోధుమ పిండిని ముద్ద చేసి, చిన్న ముక్కలు తుంచి, ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి బుల్లి గిన్నెల్లా చేస్తారు. వాటిని ముల్లంగి, టర్నిప్, బంగాళాదుంప, క్యారెట్‌లతో, వీలైతే మాంసంతో కలిపి సన్నని మంట మీద చాలాసేపు ఉడికిస్తారు. బొటనవేలు చేసిన ఆ గుంటల్లో పులుసు నిలుస్తుంది. చిక్కగా, వేడిగా ఉండే ఈ వంటకానికి పక్కన మరేమీ అక్కర్లేదు.

చుతాగిలో పిండి ముక్కలను 'బో టై' ఆకారంలో మడుస్తారు. లద్దాఖీలో 'చు' అంటే నీళ్లు, 'తాగి' అంటే రొట్టె. నీళ్లలో ఉడికే రొట్టె అన్నమాట. స్క్యూ కంటే ఇందులో పులుసు పలచగా ఉంటుంది. రెండింటినీ మాంసం లేకుండానూ చేస్తారు కాబట్టి శాకాహారులు నిశ్చింతగా అడగొచ్చు. అయితే ఎముకల పులుసు వాడారేమో ముందే కనుక్కోవడం మంచిది.

ఖంబీర్: వ్యాపార దారుల జ్ఞాపకం

తాగి ఖంబీర్ అనేది పిండిని పులియబెట్టి కాల్చే మందపాటి రొట్టె. పైన గోధుమ రంగు గట్టి పొర, లోపల మెత్తదనం. ఉదయం వెన్నతోనో, ఆప్రికాట్ జామ్‌తోనో, టీతోనో తింటారు. పులిసిన పిండికి వాడే 'ఖమీర్' అన్న మాట ఈ పేరులో వినిపిస్తుంది.

లేహ్ ఒకప్పుడు మారుమూల ఊరు కాదు. కశ్మీర్, టిబెట్, మధ్య ఆసియాలోని యార్కండ్‌ల మధ్య సరకులు మారే కూడలి. ఆ దారుల గుర్తులు తిండిలో ఇప్పటికీ ఉన్నాయి. జామా మసీదు వెనక సందులో తెల్లవారుజామునే తందూరు రొట్టెలు కాల్చే దుకాణాలు ఉంటాయి. మధ్య ఆసియా వర్తకుల వారసత్వంగా మిగిలిన యార్కండీ పులావు కూడా లేహ్‌లో దొరుకుతుంది.

గుర్‌గుర్ చా: టీ అనుకుంటే నచ్చదు, సూప్ అనుకుంటే నచ్చుతుంది

టీ ఆకును బాగా మరిగించి, ఉప్పు, వెన్న వేసి పొడవాటి చెక్క గొట్టంలో చిలుకుతారు. చిలికేటప్పుడు వచ్చే శబ్దమే దాని పేరైంది. తీపి టీకి అలవాటు పడిన నాలుకకు మొదటి గుక్క ఇబ్బందిగానే ఉంటుంది. సూప్ అనుకుని తాగితే సులువు. పొడి గాలికి పెదాలు పగిలే చోట వెన్న, చలిలో శక్తికి కొవ్వు, ఒంట్లో నీరు నిలవడానికి ఉప్పు అవసరమే. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఒక కప్పుతో ఆపడం మేలు.

ఈ టీ వెనక చరిత్ర కూడా ఉంది. లద్దాఖ్, టిబెట్‌ల మధ్య 1684లో కుదిరిన తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంలో లాసా నుంచి లేహ్‌కు టీ తెచ్చే వర్తక బృందం ప్రస్తావన ఉంది. ఉప్పును చాంగ్‌థాంగ్ పీఠభూమిలోని త్సో కార్ సరస్సు ఒడ్డు నుంచి సేకరించేవారు. ఎక్కడి నుంచో వచ్చిన ఆకు, పక్క పీఠభూమి ఉప్పు, ఇంటి వెన్న కలిస్తే గుర్‌గుర్ చా.

ఇంటికి వెళితే కప్పు ఖాళీ కాగానే మళ్లీ నింపుతారు. వద్దనుకుంటే కప్పును నిండుగా అలాగే ఉంచి, బయల్దేరే ముందు తాగడం మర్యాద.

బౌద్ధ కుటుంబాల్లో పండగలు, పెళ్లిళ్లకు ఛాంగ్ తప్పనిసరి. ఉడికించిన బార్లీని ప్రత్యేకమైన ఈస్ట్ బిళ్లలతో పులియబెట్టి చేసే పుల్లటి పానీయం ఇది. మత్తు తేలికే అయినా, ఎత్తు ప్రాంతానికి శరీరం అలవాటు పడకముందు దీని జోలికి వెళ్లకూడదు.

ఎండబెట్టిన సంపద: ఛుర్పే, ఆప్రికాట్

పాలు దొరికే వేసవిలో మజ్జిగను కాచి, విరిచి, ఎండబెట్టిన గట్టి చీజ్ ఛుర్పే. చలికాలంలో పులుసుల్లో వేస్తారు. ఆకుకూరలను, టర్నిప్ ముక్కలను కూడా ఎండబెట్టి దాస్తారు. దుంపలను నేలలో గొయ్యి తీసి పూడుస్తారు. పశువులను శీతాకాలం మొదట్లో కోస్తారు. తర్వాత బయటి చలే ఫ్రిజ్‌లా పనిచేస్తుంది.

ఆప్రికాట్ పండేది సింధు లోయ దిగువన ఉన్న షామ్ ప్రాంతం, కార్గిల్, నుబ్రాలోని తుర్తుక్ వైపు. జులై, ఆగస్టుల్లో తాజా పండ్లు దొరుకుతాయి. ఎండబెట్టిన వాటిని ఫటింగ్ అంటారు. హైదరాబాద్ పెళ్లి విందుల్లోని ఖుబానీ కా మీఠాకు మూలమూ ఎండు ఆప్రికాటే. గింజల నుంచి నూనె తీస్తారు. కొన్ని రకాల గింజలు చేదుగా ఉంటాయి. వాటిలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది కాబట్టి చేదు గింజలను నమలకూడదు.

మిగతా రకాల్లో టెంక గోధుమ రంగులో ఉంటుంది. 'రక్త్సే కార్పో' రకంలో అది తెల్లగా ఉంటుంది. ఆ పేరుకు అర్థం కూడా తెల్ల గింజ అనే. 2022 డిసెంబరులో ప్రకటించిన భౌగోళిక గుర్తింపుల్లో ఇది ఒకటి. అదే విడతలో తెలంగాణ నుంచి తాండూరు కందులకూ ఆ గుర్తింపు దక్కింది.

తుర్తుక్‌లో బాల్టీ రుచి

లద్దాఖ్ అంటే బౌద్ధ మఠాలే కాదు. కార్గిల్‌లో ముస్లింలు ఎక్కువ. 1971 యుద్ధంలో భారత్ ఆధీనంలోకి వచ్చిన తుర్తుక్ గ్రామంలో బాల్టీ ప్రజలు నివసిస్తారు. అక్కడ తప్పక తినాల్సింది కిసిర్. బక్‌వీట్ పిండితో పోసే, అట్టు లాంటి రొట్టె. మూలికలు కలిపిన పెరుగుతో తింటే రుచి.

బార్లీ పోతే ఏమవుతుంది?

లద్దాఖ్ వరి పండే నేల కాదు. అయినా ఇప్పుడు చాలా ఇళ్లలో ప్రధాన భోజనం అన్నం, పప్పు. 1960ల నుంచి సైనిక అవసరాల కోసం రోడ్లు వచ్చాయి. వాటి వెంట లారీల్లో సరకులు, చౌక ధరల దుకాణాల్లో రేషన్ బియ్యం, గోధుమ పిండి వచ్చాయి. శీతాకాలంలో ఆకలి భయాన్ని తగ్గించిన మాట నిజం. ప్రెషర్ కుక్కర్, గ్యాస్ వచ్చాక అన్నం వండటం కూడా సులువైంది.

మరోవైపు యువత చదువులు, ఉద్యోగాల కోసం పట్టణాలకు వెళుతోంది. పొలం పనులకు మనుషులు తగ్గారు. లేహ్ చుట్టుపక్కల కొన్ని పొలాల్లో హోటళ్లు లేచాయి. 2011 లెక్కల ప్రకారం లద్దాఖ్ జనాభా 2,74,289. 2022లో వచ్చిన పర్యాటకుల సంఖ్య 5 లక్షలు దాటింది. వారందరికీ కావాల్సిన నీరు కూడా పొలాలకు అందే ఆ మంచు నుంచే రావాలి.

నీటి కష్టం ఇప్పటికే కళ్ల ముందుంది. జన్‌స్కార్‌లోని కుమిక్ గ్రామానికి మంచు నీరు అందక, అక్కడివారు వేరే చోటికి తరలాల్సి వచ్చింది. విత్తనాలు వేసే వసంతంలో నీటి కొరత తీర్చేందుకు ఇంజినీర్ చేవాంగ్ నోర్ఫెల్ కృత్రిమ హిమానీనదాలు కట్టారు. ఆయనకు 2015లో పద్మశ్రీ దక్కింది. సోనమ్ వాంగ్‌చుక్ బృందం శీతాకాలపు నీటిని మంచు స్తూపాలుగా నిలబెట్టే పద్ధతిని తెచ్చింది.

బార్లీ తగ్గితే ఒక్క గింజే పోదు. బార్లీ గడ్డి పశువుల మేత. ఆవుకు, యాక్‌కు పుట్టే సంకర జాతి 'జో'లు దున్నడానికి, 'జోమో'లు పాలకు. మేత లేకపోతే పశువులు ఉండవు. పశువులు లేకపోతే వెన్న, ఛుర్పే, పొలానికి ఎరువు, పొయ్యిలోకి పేడ ఉండవు. ఖోలక్ ముద్ద వెనక ఇంత పెద్ద గొలుసు ఉంది. బియ్యం లారీ ఒక్క వారం ఆగినా ఇబ్బంది పడే స్థితికి, శీతాకాలమంతా సొంత గాదెతో గడిపే స్థితికి తేడా అదే.

ఎక్కడ, ఎలా తినాలి?

లేహ్ కంటే గ్రామాల్లోని హోమ్‌స్టేలు ఈ వంటలకు మంచి చోటు. హెమిస్ జాతీయ పార్కు పరిసర గ్రామాల్లో, షామ్ ప్రాంతంలో ఇవి చాలా ఉన్నాయి. పాబా, స్క్యూ కావాలంటే ముందు రోజే చెప్పాలి. అల్చి గ్రామంలో నిల్జా వాంగ్మో నడిపే 'అల్చి కిచెన్' లద్దాఖీ వంటలకే పేరు పొందింది. ఆమెకు 2019 నారీ శక్తి పురస్కారం దక్కింది.

లేహ్ మెయిన్ బజార్‌లో చుట్టుపక్కల గ్రామాల మహిళలు పేవ్‌మెంట్ మీద కూర్చుని కూరగాయలు, ఎండు ఆప్రికాట్‌లు అమ్ముతారు. వారిని 'జూలే' అని పలకరించి, పెద్దావిడ అయితే 'ఆమా-లే' అంటే సరిపోతుంది. ఆమా అంటే అమ్మ, 'లే' గౌరవానికి చేర్చే మాట.

విమానంలో నేరుగా వెళ్లేవారు మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. నీళ్లు బాగా తాగి, తేలికగా తినాలి. తలనొప్పి, వాంతులు, ఆయాసం ఎక్కువైతే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. మాంసం, ఛాంగ్ లాంటివి ఆ తర్వాతే.

హోటల్‌లో పాబా ఉందా అని పదిమంది అడిగితే అది మెనూలోకి వస్తుంది. మెనూలోకి వస్తే ఊళ్లో బార్లీ పిండికి కొనేవారు ఉంటారు. నీటి కొరతను, కూలీల కొరతను పర్యాటకుల భోజనం తీర్చలేదు. కానీ విత్తడం మానేయాలా వద్దా అని ఆలోచిస్తున్న రైతుకు అది ఒక కారణం ఇవ్వగలదు.