ఈ-పుస్తకముల యెరువు

గ్రంథాలయమునకు మూలబలము పుస్తకముల నెరువిచ్చుట. ఒకచోటఁ గొన్న ప్రతిని బలువురు చదువుకొనవచ్చునను నియమముమీఁదనే యా వ్యవస్థ నిలిచియున్నది. ఈ నియమ మచ్చుపుస్తకముల విషయమున నెట్లు స్థిరపడినదో, ఈ-పుస్తకముల విషయమున నెట్లు సడలినదో విచారింపఁదగియున్నది.

అమెరికాలో బాబ్స్‌మెరిల్ అను ప్రకాశకసంస్థ, తన నవల నొకదానిని డాలరునకుఁ దక్కువగా నమ్మరాదని దానిపైననే ముద్రించెను. మేసీ యంగడివారు దానిని 89 సెంట్లకే యమ్మిరి. గ్రంథస్వామి ప్రతిని మొదటిసారి యమ్మిన పిమ్మట దాని మరువిక్రయపు ధరను శాసింపఁజాలఁడని 1908 లో నచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1909 నాఁటి శాసన మా సూత్రము నంగీకరించెను. ఇట్లు కొన్న ప్రతి నెరువిచ్చుటకు గ్రంథాలయములకు వేఱనుమతి యక్కఱలేకపోయెను.

ఈ-పుస్తకమునకు స్థితి వేఱు. దానిని బంపుట యనఁగాఁ గ్రొత్తప్రతిని జేయుటయే. ఆ హక్కు గ్రంథస్వామిది. కావునఁ బ్రకాశకులు సాధారణముగా దానిని విక్రయింపక, షరతులతోడి యనుమతిగా మాత్రమే యిచ్చుచున్నారు. 2003 లో క్లీవ్‌లండు నగర గ్రంథాలయము ఓవర్‌డ్రైవు సంస్థద్వారా నిట్టి యెరువును బ్రారంభించెను. గడువు తీరఁగానే పుస్తకము తనంతఁ దానే మూఁతపడును. పెక్కు పుస్తకములకు అడోబీ సంస్థవారి తాళము వేయఁబడెను. పాఠకుని పేర నమోదైన యంత్రములు, సామాన్యముగా నాఱింటిలో మాత్రమే, యది తెఱచుకొనును. 2007 లో వెలువడిన కిండిలు తాళము వేఱగుటచే, 2011 సెప్టెంబరువఱకు గ్రంథాలయపుస్తకములను దానిపైఁ జదువ వీలులేకపోయెను. కోబో యంత్రమునకై తెచ్చుకొన్న తాళపుఁ బ్రతి నేఁటికిని గిండిలునఁ దెఱచుకొనదు.

2011 మార్చిలో హార్పర్‌కాలిన్సువారు, ఒక ఈ-పుస్తకము 26 మాఱు లెరువు పోయిన పిమ్మట గ్రంథాలయము మరల సొమ్ము చెల్లింపవలెనని విధించిరి. అచ్చుప్రతి వాడుకచే నలుగునను నూహ యీ నియమమునకు మూలములలో నొకటి. నలుగుట కాగితపు గుణము. ఇచ్చట నది షరతుచేఁ గల్పింపఁబడినది.

న్యాయస్థానముల త్రోవలును వేఱైనవి. ఒక ప్రతి నొకేసారి యొక్క పాఠకునికే యిచ్చు పద్ధతి నీ-పుస్తకపు టెరువును గ్రంథాలయముల శాసనసిద్ధమైన హక్కులోఁ జేరవచ్చునని 2016 నవంబరు 10 న ఐరోపా న్యాయస్థానము నిర్ణయించెను. అమెరికాలో నింటర్నెట్ ఆర్కైవు సంస్థ, అచ్చుప్రతులకు ఛాయాప్రతులు దీసి యెరువిచ్చుట చెల్లదని 2024 సెప్టెంబరున నప్పీలుకోర్టు తేల్చెను.

అచ్చుపుస్తకమునకు గ్రంథాలయము స్వామి. ఈ-పుస్తకమును దానే యెరువు తెచ్చుకొన్నది. పాఠకునకుఁ గలుగు యంత్రభేదపుఁ జిక్కు చిన్నది. తనది గాని ప్రతిని దరువాతి తరమునకై భద్రపఱచు భారమును గ్రంథాలయ మెట్లు మోయఁగలదనునదే పెద్దచిక్కు.