కొర్రవానివలస వెదురు తుపాకులు

నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాకు మతభేదం లేకుండా జనులు వచ్చి మ్రొక్కుకొంటారు. 1687లో గోలకొండ ముట్టడివేళ, గాలివానకు మొగలు శిబిరంలోని దీపాలన్నీ ఆరిపోగా, అక్కడ సమాధి పొందిన మహనీయుల గుడారంలో మాత్రం దీపం వెలుగుచునే ఉన్నదని ప్రతీతి. ఆ కథను నమ్మి వచ్చేవారిని మనము వెర్రివారని అనము. ఏ కష్టం వారిని అక్కడికి తెచ్చినదో అని తలుస్తాము. ఇదే దయాదృష్టితో మరొక జనసమూహాన్ని కూడా చూడవలసి ఉన్నది.

1900వ సంవత్సరంలో విశాఖపట్టణం మన్యంలో, సాలూరు తాలూకా కొర్రవానివలసలో, కొర్ర మల్లయ్య అనే కొండదొర తనకు దైవావేశం కలిగినదని చెప్పినాడు. తాను పంచపాండవులలో ఒకని అవతారమని, తన పసికుమారుడు శ్రీకృష్ణుడని ప్రకటించినాడు. నాలుగైదువేల మంది ఆయనను చేరినారు. ఆంగ్లేయులను పారద్రోలి తానే రాజ్యమేలుదునని, వెదుళ్లు తుపాకులగునని, సర్కారు ఆయుధాలు నీరైపోవునని ఆయన వాగ్దానం. అనుచరులు వెదుళ్లను తుపాకులవలె చెక్కి, వాటితో కవాతు చేసినారు.

మే నెలలో వారు పాచిపెంటను దోచుకొందుమని కబురు పంపినారు. సంగతి తెలుసుకొన వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపినారు. జిల్లా మేజిస్ట్రేటు రిజర్వు పోలీసులతో వచ్చి, 7వ తేదీ వేకువజామున శిబిరంపై పడినాడు. శిబిరంవారు ఎదిరించగా పోలీసులు కాల్పులు జరిపినారు. పదకొండుమంది నేలకొరిగినారు. మల్లయ్య జైలులోనే మరణించినాడు, ఇద్దరిని ఉరితీసినారు. ఆ పసివాడూ బ్రతుకలేదు.

ఇది కేవలం మూఢత్వమని తీసివేయుట సులభం. కాని కొండదొరలు తరతరాలుగా తమను పాండవ సంతతిగా చెప్పుకొంటున్నారు. రాజ్యం పోగొట్టుకొని అడవులపాలైన పాండవుల కథ వారికి పురాణం మాత్రమే కాదు, తమ వంశగాథ. మరోవైపు, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత మన్యాలలో పోడు సాగుకు ఆంక్షలు హెచ్చినవి. అప్పులిచ్చిన షావుకార్లచేతికి భూములు జారినవి. 1879లో లేచిన రంప పితూరీని సర్కారు సైన్యంతో అణచినది. తుపాకి బలమెంతటిదో ఎరుగనివారు కారు వారు. బాగుగా ఎరిగియుండుటచేతనే, చేతికందిన వెదురును తుపాకిగా మలచుకొన్నారు.

ఇట్టి ఆశ మన కొండలకే పరిమితం కాదు. 1890లో అమెరికాలోని లకోటా జనులు తమ పవిత్ర నృత్యపు అంగీలను గుండ్లు తాకవని నమ్మినారు. ఆ ఏడు డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద వందలమంది హతులైనారు. 1905లో తూర్పు ఆఫ్రికాలో మాజీ మాజీ తిరుగుబాటుదారులు మంత్రించిన నీటితో జర్మనుల గుండ్లు నీరగునని విశ్వసించినారు. ఒకరినొకరు ఎరుగని ఈ జనులు ఒకే కల కన్నారు. న్యాయస్థానం దూరమై, ఆయుధం లేక, మొర వినువారు కరవైనపుడు, మానవునికి మిగిలేది అద్భుతమే.

ఇంతమాత్రాన ఇద్దరు కానిస్టేబుళ్ల హత్య ఒప్పు కాజాలదు. వారు కూడా బ్రతుకుతెరువుకై వచ్చినవారే. 1907లో వెలువడిన జిల్లా గెజిటీరు ఈ ఉదంతాన్ని కొద్ది వాక్యాలలో ముగించినది. అది సర్కారు పక్షపు మాట. ఆ వేకువజామున వెదురు పట్టుకొని నిలిచినవాని మాటను ఎవరూ వ్రాసిపెట్టలేదు. వ్రాయని ఆ మాటను ఊహించి, ఓర్పుతో వినుట చరిత్ర చదువరి విధి.