తట్టా పారల నడుమ దేవుడు



కంది కోతల రోజులలో ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమని అడిగాము. వెనక కూర్చున్న ఒక అవ్వ తల అడ్డంగా ఊపింది. "నాకేం సాక్ష్యముంటది అయ్యగారూ? పొద్దుగాల లేస్తే చేనుకు పోతి, పొద్దుమూకినంక వస్తి. దేవుని పని నేనేం జేసిన?" అన్నది.

ఆ మాట చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. ఆమెకు అలా అనిపించడంలో మా బోధకు కూడా భాగముంది. "వారంలో ఒక్కరోజైనా దేవునికి ఇవ్వండి" అని ఎన్నిసార్లు చెప్పామో! మిగిలిన ఆరు రోజులు ఎవరివో మాత్రం చెప్పలేదు. ఈ లోటు తీర్చుకోవడానికి మన తెలుగు సంఘాల చరిత్రలోనుండి కొన్ని సంగతులు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది ఒంగోలు ప్రాంతపు సంగతి. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకొని బ్రతికే మాదిగ పెద్దమనిషి. ఆ వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడే ఆయన సువార్త విన్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తర్వాత ఆయన తోళ్ల బేరానికి తిరిగిన ఊళ్లలోనే వాక్యం కూడా చెప్పాడు. బ్రతుకు తెరువు కోసం నడిచిన బాటే సువార్త బాట అయింది.

పదేళ్లు గడిచాయి. 1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1878 వరకు దక్షిణ దేశమంతా ఆకలితో అల్లాడింది. జనానికి పని కల్పించడానికి అప్పటి ప్రభుత్వం సముద్ర తీరం వెంబడి పడవలు నడిచే బకింగ్‌హామ్ కాలువను తవ్వించింది. ఆకలిగొన్నవారు వేలకొద్దీ ఆ పనికి వెళ్లారు. అయితే అక్కడ కూడా మాదిగలకు మేస్త్రీల చేతుల్లో తిట్లు, దెబ్బలు తప్పలేదు.

ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు భూమి కొలిచే పని ముందే తెలుసు. ఆయన ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సంఘాలలోని బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పొద్దంతా మన్ను తవ్వి, తట్టలు మోసి, అలసినవారు కాసేపు కూర్చున్నప్పుడు ఆ బోధకులు వారి పక్కనే కూర్చొని మాట్లాడేవారు. ఎవరి పిల్లలు చనిపోయారు, ఎవరి ఊరు ఖాళీ అయింది అని వినేవారు. భారము మోసేవారిని ప్రభువు ఎలా పిలిచాడో చెప్పేవారు. అక్కడ గంట లేదు, గుడి లేదు. పక్కన తట్టా పారా ఉన్నాయి, చేతికి మన్ను ఉంది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. కరువు ఉన్నంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. కూడు కోసం విశ్వాసం పుచ్చుకున్నారనే మాట రాకూడదనీ, ఆకలిని ఆసరా చేసుకోకూడదనీ ఆయన ఉద్దేశం. కాలువ పని ముగిసింది, కూలీ ఆగింది. అప్పుడు జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇక ఇవ్వడానికి పని లేని రోజున వారెందుకు వచ్చారు? తమను మనుషులుగా చూసినవారి దేవుణ్ణి పని చోటనే చూశారు గనుక వచ్చారని మేము నమ్ముతున్నాము.

రెండవది మనకు దగ్గరి సంగతి. మనలో చాలామంది మెదక్ చర్చికి వెళ్లివచ్చారు. ఆ 175 అడుగుల గోపురం కింద ఫోటోలు దిగాము, మొక్కులు చెల్లించాము. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఆ కట్టడాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువుతో ఊళ్లు చెదిరిపోతున్న కాలంలో పని చేయించి కడుపు నింపిన కట్టడమది. రాయి మోసిన తల్లికి ఆనాడు కళ్ల ముందు కనిపించింది గోపురం కాదు, సాయంత్రం పిల్లల నోట్లో పెట్టే ముద్ద. మరి ఆ ముద్ద కోసం మోసిన రాయి దేవుని పని కాకుండా పోయిందా? నూరేళ్లు దాటినా మన మీద నీడ పరిచేది ఆ రాయే కదా!

ఇక మన నేల సంగతి. మన కొడంగల్ ప్రాంతం 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది, తర్వాత మహబూబ్‌నగర్‌లో కలిసింది, 2016 నుండి బొంరాస్‌పేట వికారాబాద్ జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది గాని మన చేతి పని పెద్దగా మారలేదు. కందులు కోయడం, తాండూరు వైపు నాపరాళ్లు తీయడం, పట్నం పోయి ఇటుకలు మోయడం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు దేశమంతటా వినబడుతున్నది, కోసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా వినబడవు. దేవునికి ఆ పేర్లు తెలుసు.

రూతు గ్రంథం రెండవ అధ్యాయం తీసి చూడండి. బోయజు పొలానికి రాగానే మొదట పంట సంగతి అడగలేదు. కోత కోసేవారికి దేవుని పేరట దీవెన పలికాడు, వారు తిరిగి ఆయనను దీవించారు. పొలం గట్టు మీదనే ఆరాధన జరిగింది. యోహాను సువార్త 21వ అధ్యాయంలో రాత్రంతా వలలు లాగి వచ్చినవారికి తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధపరచాడు. అలసిన మనిషికి అన్నం పెట్టడం ఆయనకు చిన్న పని కాలేదు.

కాబట్టి ఒక మాట జాగ్రత్తగా చెబుతున్నాము. కష్టమంతా పవిత్రమేనని చెప్పి, తక్కువ కూలీని, తిట్లను ఓర్చుకొమ్మని మేము అనడం లేదు. కాలువ గట్టు మీద దెబ్బలు కొట్టిన మేస్త్రీ కూడా పనే చేయించాడు, పక్కన కూర్చున్న బోధకుడూ పనే చేయించాడు. తేడా అంతా పక్క మనిషిని చూసిన చూపులో ఉంది. మన చేనుకు కూలికి వచ్చినవారికి సమయానికి డబ్బులిచ్చామా? వారిని వరుస పెట్టి పిలిచామా, లేక "ఏయ్" అన్నామా? మన భక్తికి పరీక్ష అక్కడ జరుగుతుంది.

హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తున్న తమ్ముడూ, పాచి పనికి వెళ్తున్న చెల్లీ, ఆదివారం గుడికి రాలేకపోయామని మీరు ఫోన్‌లో బాధపడుతుంటారు. వీలైనప్పుడు తప్పక రండి, సహవాసం మనకు కావాలి. అయితే రాలేని రోజున దేవుడు మీకు దూరమయ్యాడని అనుకోకండి. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఒక్క నిమిషం స్తోత్రం చెప్పండి. పక్కనున్నవాని డబ్బా ఖాళీగా ఉంటే మీ ముద్దలో సగం పెట్టండి.

మళ్లీ సాక్ష్యాల ఆదివారం వచ్చినప్పుడు మేము అవ్వ దగ్గరకు వెళ్లి, "అవ్వా, ఈ వారం చేనులో ఏం జరిగిందో అదే చెప్పు" అన్నాము. ఆమె లేచి నిలబడింది. కోతలో తనతోపాటు ఉన్న ఒక పిల్లతల్లికి ఎండ దెబ్బ తగిలితే, ఆమె సాలు కూడా తానే కోసి ముగించానని చెప్పి, అంతే అని కూర్చుంది.

సంఘమంతా ఆమేన్ అన్నది.

ప్రభువు మీ చేతి పనిని దీవించును గాక.