చేతులు మారిన డిటెక్టివ్ నవల

మీ మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, డిటెక్టివ్ నవలలు ఏ బీరువాలో ఉన్నాయని ఒకసారి అడిగి చూడండి. దినపత్రికల బల్ల చూపిస్తారు, పోటీ పరీక్షల పుస్తకాలు చూపిస్తారు, పురాణాలూ జీవిత చరిత్రలూ చూపిస్తారు. ఒక తరం తెలుగువారు నిద్ర మానుకొని చదివిన అపరాధ పరిశోధన నవలలు అక్కడ కనబడటం అరుదు. కారణం వాటి చరిత్రలోనే ఉన్నది. అవి గ్రంథాలయాల పోషణలో పెరిగినవి కావు. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారుతూ బతికినవి. ఆరోగ్య విషయాలు రాసుకొనే చోట ఈ ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. సంబంధం ఉన్నది. మధ్యలో ఒకసారి, చివరలో మరొకసారి వైద్యశాల గడప తొక్కక తప్పదు.

పోచారం అనగానే నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాల వారికి చెరువు గుర్తుకు వస్తుంది. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం ప్రభుత్వం కట్టిన ఆ ఆనకట్ట 1922 నాటికి పూర్తయింది. మరుసటి సంవత్సరమే మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో ముగిసింది. నిజాం వేటకు వచ్చిన అడవి ఇప్పుడు అభయారణ్యం. పొలాలకు నీటిని ఈ విధంగా ప్రభుత్వం పూనుకొని తెచ్చింది. తెలుగు పుస్తకాన్ని మాత్రం పల్లెలకు తెచ్చినది ప్రభుత్వం కాదు, ప్రజలు.

ఆ కథ మీలో చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారి పూనికతో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. మెదక్ దాటి వెళితే వచ్చే జోగిపేటలో 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టుకోవాలంటే అనుమతి కావలసిన రోజులవి. పఠన మందిరాన్ని కూడా అధికారులు అనుమానంగా చూసిన కాలమది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలను తామే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు.

ఇంత కష్టపడి తెచ్చిన పుస్తకం దేనికి పనికిరావాలి? భాషకు, చరిత్రకు, విజ్ఞానానికి, హక్కుల చైతన్యానికి. ఉత్కంఠ కోసం చదివే పుస్తకానికి అలాంటి బీరువాలో చోటు దొరకకపోవటంలో ఆశ్చర్యం లేదు. ఆ పెద్దల దృష్టిని నేను తప్పుపట్టను. అయితే చదవటం నేర్చిన మనిషి తనకు ఇష్టమైనది కూడా చదువుతాడు. ఆ ఇష్టానికి వేరే దారి ఏర్పడింది.

అపరాధ పరిశోధన కథకు మూలపురుషుడు అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో అని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. 1841లో ఆయన రాసిన కథతో ఆలోచనా బలంతో నేరస్థుణ్ణి పట్టుకొనే పరిశోధకుడు పుట్టాడు. 1887లో ఆర్థర్ కానన్ డాయిల్ కలం నుండి షెర్లాక్ హోమ్స్ వచ్చాడు. మన దగ్గరకు ఈ ప్రక్రియ తిన్నగా ఇంగ్లండు నుండే కాక వంగదేశం మీదుగా కూడా వచ్చింది. పాంచ్‌కడి దే బెంగాలీలో రాసిన నవలలు తెలుగులోకి అనువాదమై, మన తాతల తరం చేత దీపాల వెలుగులో చదివించుకున్నాయి.

మన ప్రాంతానికి ఇంకొక వాకిలి కూడా ఉండేది. 1948 వరకు కచేరీ భాష ఉర్దూ, పై చదువు ఉర్దూ. ఆ మాధ్యమంలో చదివిన తరానికి, ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఉర్దూ నవల చదవటం కష్టం కాదు. 1952లో అలహాబాదు నుండి ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ వెలువడటం మొదలైనప్పుడు కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ హైదరాబాదు వారికి ఇంటి మనుషుల వంటివారయ్యారు. తెలుగు డిటెక్టివ్ నవల చరిత్ర రాసేవారు మద్రాసు వైపే చూస్తూ ఈ వాకిలిని మరచిపోతుంటారు. తెలంగాణ పాఠకుడు రెండు భాషలలో హంతకుణ్ణి వెతికాడు.

ఇక తెలుగులో ఈ నవలకు ఇంటింటా పేరు తెచ్చినవారు 1926లో జన్మించిన కొమ్మూరి సాంబశివరావు గారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు కల్పిత పాత్రలంటే నమ్మనివారు ఉండేవారు. టెంపోరావు గారి నవలలకు వేరే అభిమాన గణం. తరువాతి తరానికి మధుబాబు గారి షాడో వచ్చాడు, అయితే అతడు గూఢచారి, పరిశోధకుడి కన్నా సాహసి. పండితులు సైతం ఈ పనికి దూరంగా లేరు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వంటి మహాగ్రంథం రాసిన ఆరుద్ర గారే డిటెక్టివ్ నవలలూ రాశారు. వాటిలో ఒకదాని పేరు ‘ఆనకట్ట మీద హత్య’. పోచారం కట్ట మీద సాయంత్రం నడిచేవారు ఆ పేరు విని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆ తప్పు నాది కాదు.

ఈ నవలలు చేతులు మారటానికి వాటి స్వభావమే కారణం. ఆలోచించండి. రామాయణాన్ని ఎన్నిసార్లు చదివినా దాని విలువ తరగదు. అపరాధ పరిశోధన నవల అట్లా కాదు. హంతకుడు ఎవరో తెలిసిన క్షణాన ఆ పుస్తకం మీకు సగం ఖాళీ అవుతుంది. కాని మీ పొరుగింటి వారికి అది ఇంకా నిండుకుండే. కనుక దాచుకుంటే లాభం లేదు, ఇచ్చిపుచ్చుకుంటేనే లాభం. చౌక కాగితం మీద అచ్చయి, చొక్కా జేబులో పట్టే ఆ చిన్న పుస్తకాన్ని ఒక ఇంట్లో కొంటే పది ఇళ్లు చదివేవి. బడిపంతులు నుండి పోస్టుమాస్టరుకు, అక్కడి నుండి కండక్టరుకు, వారి ఇంటి ఆడపడుచుకు, ఆమె నుండి ఎదురింటి వదినకు. గ్రంథాలయం మెట్లు ఎక్కటానికి వీలు చిక్కని స్త్రీలకు ఈ మార్పిడి ఎంత ఆసరా అయిందో మన సాహిత్య చరిత్రలు సరిగా లెక్కకట్టలేదు.

పట్టణాలలో ఇదే పని అద్దె పుస్తకాల దుకాణాలు చేశాయి. కొంత సొమ్ము ముందుగా కట్టి పేరు రాయించుకోవాలి. ఆపైన రోజుకు కొన్ని పైసల అద్దె. రోజు లెక్కన అద్దె కనుక రాత్రికి రాత్రే చదివి తెల్లవారి తిరిగి ఇచ్చేవారు, ఆ రాత్రిలోనే ఇంట్లో ముగ్గురు చదవటం కూడా ఉండేది. దుకాణదారు అట్టకు దళసరి కాగితం అంటించి, వెన్నుకు దారంతో కుట్టు వేసి, మొదటి పేజీ మీద రబ్బరు ముద్ర కొట్టేవాడు. ఎవరికి ఏ రచయిత ఇష్టమో, ఎవరు ఏది చదివేశారో అతనికి కంఠస్థం. కోస్తాలో 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసినదే. కాని బస్టాండు పక్క ఇరుకు కొట్టులో రోజుకు కొన్ని పైసలకు ఊరంతటి చేత పుస్తకం పట్టించిన మనిషికి ఎవరూ శాలువా కప్పలేదు.

ఈ మార్పిడికి రాయని కట్టుబాట్లు ఉండేవి. హంతకుడి పేరు చెప్పటం మహాపరాధం. కొందరు ఆకతాయిలు మొదటి పేజీలోనే పెన్సిలుతో ఆ పేరు రాసి పెట్టేవారు, మరికొందరు ఇంకా దుర్మార్గులు, తప్పు పేరు రాసేవారు! చదివినవారు, చదవనివారు కలిసి కూర్చున్నప్పుడు జరిగే చర్చలో ఒక క్రమశిక్షణ ఉండేది: ఎన్నో పేజీ దాకా వచ్చావని అడిగి, అంతవరకే మాట్లాడటం. సభ్యత్వ రుసుము, కార్యదర్శి, తీర్మానాలు లేని పుస్తక సంఘం అది.

పెద్దలు మాత్రం మెచ్చలేదు. పాఠ్యపుస్తకం మధ్యలో యుగంధర్‌ను దాచి చదివి దెబ్బలు తిన్నవారు మీలోనే ఎందరో ఉంటారు. చెడిపోతారన్న ఆ భయం గురించి వైద్యుడిగా నాకు ఒక మాట చెప్పాలని ఉన్నది. ఈ ప్రక్రియ సగం వైద్యశాలలోనే పుట్టింది. డాయిల్ వైద్యుడు. ఎడిన్‌బరోలో తనకు గురువైన శస్త్రవైద్యుడు జోసెఫ్ బెల్‌ను చూసే హోమ్స్‌ను మలచానని ఆయనే చెప్పుకున్నాడు. ఒకనాడు బెల్ ముందుకు ఒక కొత్త రోగి వచ్చాడు. అతడు నోరు తెరిచి తన సంగతి చెప్పకముందే, సైన్యం నుండి ఈమధ్యనే విడుదలయ్యాడనీ, బార్బడోస్‌లో పనిచేశాడనీ బెల్ తేల్చాడు. మర్యాదస్థుడే అయినా టోపీ తీయలేదు, అది సైన్యపు అలవాటు. అతని జబ్బు బోదకాలు, అది బ్రిటనులో వచ్చేది కాదు, వెస్టిండీస్‌లో వచ్చేది. మన పల్లెలకు తరతరాలుగా తెలిసిన బోదకాలు హోమ్స్ పుట్టుకలో ఒక ఆధారం కావటం నాకు ఇప్పటికీ వింతగా తోస్తుంది.

అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి విషాల గురించి నేర్చుకున్నారు. 1961లో వెలువడిన ఆమె నవల ‘ది పేల్ హార్స్’లో థాలియం విషం లక్షణాలు వివరంగా ఉన్నాయి. 1977లో కతార్ నుండి లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి 19 నెలల బిడ్డను తెచ్చారు. జబ్బు ఏమిటో వైద్యులకు అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న ఒక నర్సు, జుట్టు రాలటం మొదలైన బిడ్డను చూసి ఇది థాలియం కావచ్చునన్నది. పరీక్షలో అదే తేలింది, ఇంట్లో పురుగులకూ ఎలుకలకూ వాడిన మందే కారణం. బిడ్డ కోలుకున్నది. డిటెక్టివ్ నవల వల్ల పిల్లలు చెడిపోతారనేవారికి నేను చెప్పే జవాబు ఆ నర్సు.

1980ల తరువాత ఇళ్లలోకి టీవీ వచ్చింది. అద్దె దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాయి, తరువాత అవీ పోయాయి. ఇక్కడ జరిగిన నష్టం గమనించండి. గ్రంథాలయాలు భద్రపరచని పుస్తకం చేతులు మారినంత కాలమే ఉంటుంది. చేతులు మారటం ఆగిపోగానే చౌక కాగితం పసుపుబారి, పెళుసై, తూకానికి వెళ్లిపోయింది. అట్ట, చివరి పేజీలు లేకుండా మిగిలినవి కొన్ని. వ్యక్తిగత సేకర్తలు ఆబిడ్స్ ఆదివారపు కాలిబాటల మీద ఏరి తెచ్చి, స్కాన్ చేసి కాపాడినవి కొన్ని. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ముతో ఈ నవలలను కూడా కొని భద్రపరచమని అడిగే హక్కు పాఠకులకు ఉన్నది.

పుస్తకాలతో పాటు మరొకటి కూడా పోయింది. ఎన్నో పేజీ దాకా వచ్చావని అడిగే మనిషి పోయాడు. పిల్లలు హైదరాబాదుకో దుబాయికో వెళ్లిపోగా, వయసు మళ్లినవారు టీవీ ముందు మాట లేకుండా కూర్చునే ఇళ్లు మన మండలాలలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నిద్ర పట్టదని, మతిమరుపు వస్తున్నదని వైద్యుడి దగ్గరకు వచ్చేవారిలో కొందరికి మందు కన్నా ముందు మాట్లాడే మనిషి కావాలి. 2016లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 50 ఏళ్లు దాటిన 3,635 మందిని 12 సంవత్సరాల పాటు గమనించిన సమాచారాన్ని ప్రకటించారు. పుస్తకాలు చదివేవారిలో ఆ కాలంలో మరణించే అవకాశం సుమారు 20 శాతం తక్కువగా కనిపించింది. దీనిని అతిగా నమ్మవద్దు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ చదువుతూ ఉండవచ్చు, పరిశోధకులు అటువంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా, సంబంధం వేరు, కారణం వేరు. పుస్తకం రక్తపోటు మాత్రకు బదులు కాదు. అయినా ఇంత తక్కువ ఖర్చుతో, దుష్ఫలితం లేకుండా ప్రయత్నించదగినవి మా వృత్తిలో ఎక్కువ లేవు.

ఇంటికి దూరంగా ఉన్నవారు దీని అవసరాన్ని మనకన్నా ముందే గుర్తించారు. అమెరికాలో డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుండి తెలుగు పుస్తకాలను చదివి, కలిసి చర్చిస్తున్నది. మనకు సముద్రాలు దాటవలసిన అవసరం లేదు. నలుగురు మనుషులు, ఇంట్లో అటక మీద మిగిలిన నాలుగు పుస్తకాలు ఉంటే పోచారంలోనైనా మొదలుపెట్టవచ్చు. నెలకు ఒకసారి కలిసి పుస్తకాలు మార్చుకోండి. మొదలుపెట్టే ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి. చదవాలని లేదనుకునే పెద్దలలో చాలామందికి అసలు లోపం శుక్లాలో, పాతబడిన అద్దాలో. చూపు బొత్తిగా ఆననివారు ఉంటే, చదువు రానివారు ఉంటే, ఒకరు పైకి చదవండి. చివరి అధ్యాయం ముందు ఆపి, హంతకుడు ఎవరని వారిని అడగండి. వారి ఊహ మీ ఊహ కన్నా ముందుంటే ఒప్పుకోండి.

పుస్తకం తీసుకొనేటప్పుడు మాత్రం, చివరి పేజీ ఉన్నదో లేదో చూసుకొని తీసుకోండి.