వెలుతురు, జిగురు, తెర

పటాన్‌చెరు పారిశ్రామిక వాడకు చేరువనున్న చిట్కుల్ గ్రామంలో ఒక యువకుడు స్క్రీన్ ప్రింటింగు పని ప్రారంభించినాడనుకొందాము. తెరగుడ్డకు ఎమల్షన్ పూసి, ఆరబెట్టి, అక్షరాలున్న ఫిలిమును ఆనించి వెలుతురు చూపినాడు. నీటితో కడుగగా అక్షరాల చోటనే కాక చుట్టూ ఉన్న పూత కూడ జారిపోయినది. మరునాడు ఎక్కువసేపు వెలుతురు చూపినాడు. ఈసారి సన్నని గీతలు పూడుకొని పోయినవి. లోపమెక్కడ? దీనిని తెలిసికొనుటకు కొంత చరిత్ర చూడవలెను.

1839లో స్కాట్లండు దేశీయుడు మంగో పాంటన్ పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో తడిపిన కాగితం ఎండ సోకినచోట రంగు మారుట గమనించినాడు. వెండి లవణాలకంటె ఇది చౌక. మరుసటి ఏడు ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ ఈ చర్యలో కాగితానికి పట్టించిన గంజికి పాత్ర ఉన్నదని చూపినాడు. 1852లో ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్, డైక్రోమేట్ కలిపిన జిలాటిన్ వెలుతురు తగిలినచోట నీటిలో కరగదని గ్రహించినాడు. 1907లో మాంచెస్టరులో శామ్యూల్ సైమన్ పట్టుతెర ముద్రణకు పేటెంటు పొందినాడు. తరువాతి కాలంలో ఈ రెండు మార్గాలూ కలిసి, చేతితో కత్తిరించనవసరం లేని స్టెన్సిల్ ఏర్పడినది.

వెలుతురు వలన మార్పుచెందిన క్రోమియం జిలాటిన్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేయును. ఈ ముడి పైపొరనుండి లోపలికి సాగును. సమయం చాలకపోతే అడుగుపొర మెత్తగానే ఉండి నీటిలో జారును. సమయం మించితే తెల్లని దారాలమీద చెదరిన వెలుతురు నల్లని గీతల క్రిందికి ప్రాకి వాటిని పూడ్చును. పసుపుపచ్చని తెరగుడ్డ వాడుటలోని రహస్యమిదే: చెదరిపోవు నీలికాంతిని అది పీల్చుకొనును.

డైక్రోమేట్ పూత చీకటిలో కూడ క్రమంగా గట్టిపడును. పైగా అది విషపదార్థం, కాన్సరు కారకం. అందుచేత చాలచోట్ల డయజో ఎమల్షన్లు దాని స్థానమాక్రమించినవి. ఇది చిట్కుల్ ప్రాంతానికి చిన్న విషయం కాదు. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల వ్యర్థాలచే నీరు, నేల చెడిపోయినవని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిచినది. ఆ కాలుష్యానికి కారణములనేకం. కాని కడిగిన నీరు ఎక్కడికి పోవునని ప్రతి పనివాడూ ఆలోచింపవలసినదే.

మన యువకుడు చేయవలసినదేమి? ముందు పూతను బాగుగా ఆరనీయవలెను. వానకాలంలో తడి మిగిలినచో డయజో పూత సరిగా గట్టిపడదు. పిదప తెరను అట్టముక్కతో కప్పి, ప్రతి నిమిషానికి ఒక అంగుళం చొప్పున జరుపుచు వెలుతురు చూపవలెను. కడిగిన తరువాత పూత నిలిచి, గీత తెరచుకొన్న పట్టీయే సరియైన కాలం. చిన్న దీపాన్ని రెండింతల దూరానికి జరిపితే కాలం నాలుగింతలగునని భౌతికశాస్త్ర విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు.