ఉప్పునీటి క్లోరిన్ వ్యవస్థ (ఈతకొలను)

ఈతకొలను నీటిలో కరిగించిన ఉప్పు నుంచి విద్యుద్విశ్లేషణ ద్వారా క్లోరిన్ తయారుచేసే ఏర్పాటు. దీన్ని అమర్చుకుంటే కొలనులో క్లోరిన్ ఉండదనుకోవడం పొరపాటు. బయటినుంచి వేసే క్లోరిన్ ఇక్కడ అక్కడికక్కడే పుడుతుంది, అంతే తేడా. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, చాలా యంత్రాలకు 3 నుంచి 3.5 గ్రాములు చాలు. 50,000 లీటర్ల కొత్త నీటికి దాదాపు 150 కిలోల ఉప్పు పడుతుంది. పాత నీటిలో అయితే ముందు పరీక్ష చేయాలి. ఇన్నాళ్లూ పోసిన ద్రవ క్లోరిన్ వల్ల అందులో ఉప్పు ఇప్పటికే కొంత చేరి ఉంటుంది. ఉప్పు పూర్తిగా కరిగాకే యంత్రంలో విద్యుద్విశ్లేషణ జరిపే సెల్‌ను ఆన్ చేయాలి.

ఉప్పునీటి వ్యవస్థకు మారాక అసలు చిక్కు పీహెచ్‌తో వస్తుంది. క్లోరిన్ కోసం కొలనులో వేసే ట్రైక్లోర్ బిళ్లలకు ఆమ్లగుణం ఉంటుంది, అవి పీహెచ్‌ను దించుతుంటాయి. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేస్తాయి కాబట్టి ఇప్పుడు పీహెచ్ పెరుగుతూ పోతుంది. క్షారతను కొంత తక్కువగా ఉంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్‌ను 7.2–7.8 మధ్య నిలపాలి. ఈ పని వాయిదా వేస్తే సెల్ పలకలపై కాల్షియం పెచ్చు కడుతుంది. కఠినత్వం ఎక్కువగా ఉండే బోరునీటితో నింపిన కొలనుల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

ఎండ క్లోరిన్‌ను త్వరగా హరిస్తుంది. ఆరుబయటి కొలనులో సయనూరిక్ ఆమ్లం దాన్ని కాపాడుతుంది. ట్రైక్లోర్ బిళ్లలు ఈ ఆమ్లాన్ని తమతోపాటే తెచ్చేవి, ఉప్పు తేదు, విడిగా కలపాలి.