కనిపించని గ్రహణం, కనిపించే శుక్లం

2022 అక్టోబరు 25 సూర్యగ్రహణం రోజున తుష్నాబాద్‌లో మా వీధి గర్భిణికి శ్రీకాకుళం నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసింది. గడప దాటొద్దు, కత్తిపీట ముట్టొద్దు, బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని. ఆ పిల్ల అలాగే పడుకుంది. తమాషా ఏమిటంటే ఆ గ్రహణం అండమాన్‌లో కనిపించనే లేదు! ఇక్కడ అది మొదలయ్యే లోపే పొద్దు గుంకింది.

పిల్లలు లోపాలతో పుట్టడం మాత్రం నిజం. కారణం ఎలా పట్టుకోవాలన్నదే ప్రశ్న.

1941లో సిడ్నీ కంటి డాక్టర్ నార్మన్ గ్రెగ్ దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వచ్చారు. చాలామందికి గుండె లోపం కూడా. కడుపుతో ఉండగా రుబెల్లా, అంటే తేలికపాటి తట్టులాంటి జబ్బు, వచ్చిందని తల్లులు చెప్పుకోవడం ఆయన చెవిన పడిందంటారు. ఆడవాళ్ల కబుర్లని ఆయన కొట్టిపారేయలేదు (మనవాళ్లలో చాలామంది కొట్టిపారేసేవారే). తోటి డాక్టర్లనీ అడిగి 78 మంది పిల్లల వివరాలు కూర్చాడు. వారిలో 68 మంది తల్లులకు గర్భిణిగా ఉండగా రుబెల్లా వచ్చింది.

1944లో 'లాన్సెట్' పత్రిక ఇది రుజువు కాలేదంది. ఆ అనుమానం న్యాయమే. జబ్బు వచ్చినా బాగా పుట్టిన పిల్లల లెక్క గ్రెగ్ దగ్గర లేదు. జమ చూపి ఖర్చు చూపని పద్దుకి నేనైనా అభ్యంతరం రాసేవాణ్ణే.

ఈలోగా ఆ పిల్లల్లో చెవుడు కూడా బయటపడింది. 1951లో గణాంక నిపుణుడు ఆలివర్ లాంకాస్టర్ ఆస్ట్రేలియా పాత జనాభా లెక్కలు తిరగేశాడు. 1911లో 10-14 ఏళ్ల చెవిటివాళ్లు అసాధారణంగా ఎక్కువ. 1921లో ఆ ఎక్కువ 20-24 ఏళ్ల దగ్గరికి జరిగింది. అంటే వాళ్లే వీళ్లు! 1899 ప్రాంతంలో రుబెల్లా వ్యాపించినప్పుడు పుట్టినవాళ్లు. గ్రెగ్ పేరే వినని గుమాస్తాలు రాసిన అంకెలివి.

1962లో వైరస్ దొరికింది, 1969లో టీకా వచ్చింది. మన దేశంలో పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం 2017లో మొదలైంది.

పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపించినా, గుండెలో అదనపు చప్పుడు వినిపించినా, తల మరీ చిన్నదిగా ఉన్నా డాక్టర్లు రక్తపరీక్షతో రుబెల్లాని నిర్ధారిస్తారు. శుక్లాన్ని మొదటి రెండు మూడు నెలల్లో తీయకపోతే చూపు సరిగా రాదు. గ్రహణదోషమని శాంతి చేయిస్తూ కూర్చుంటే పోయేది ఆ నెలలే. పైగా బయటికెందుకొచ్చావని నింద తల్లికి.

రుబెల్లా టీకా గర్భంతో ఉండగా వేయరు, ముందే వేయించుకోవాలి. వేయించుకున్నావా అని ఆ పిల్లనడిగాను. తెలియదంది. ఫోన్ చేస్తే వాళ్లమ్మకీ గుర్తులేదు.